ఎలిమినేషన్ డైట్: తెలుగింటి వంట చిక్కుపడేది ఎక్కడ?

క్లుప్తంగా

ఐబీఎస్ అనే పేగు బాధ ఉన్నవాళ్లకు సూచించే లో-ఫాడ్‌మ్యాప్ డైట్, అంటే చిన్నపేగులో సరిగా ఇంకని కొన్ని చక్కెరలను తగ్గించే భోజనం, రెండు నుంచి ఆరు వారాల పరీక్ష. ఆ తర్వాత మానిన పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి కలపాలి. అన్నం ప్రధానంగా ఉండే భోజనానికి ఈ డైట్ కొంత అనుకూలమే. ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు మన వంటకు పునాదిలోనే ఉండటం వల్ల ఇబ్బంది వస్తుంది. ఏవి మానాలన్న జాబితాతోపాటు ఏది నీళ్లలోకి దిగుతుంది, ఏది నూనెలోకి దిగదు, ఒక మనిషి కంచంలోకి ఎంత వస్తుంది అన్నవి తెలిస్తే ఇంటిల్లిపాదికీ ఒకే పొయ్యి మీద వండొచ్చు.

జాబితా చేతికొచ్చాక

ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు, గోధుమలు వద్దు, కందిపప్పు వద్దు, పాలు వద్దు, మామిడిపండు వద్దు. డైట్ చార్టులో ఈ వరుస చూడగానే ఏ ఇంట్లోనైనా పుట్టే ప్రశ్న ‘మరి ఇంకేం వండాలి?’ అని. ‘ఎందుకు వద్దు?’ అన్న ప్రశ్న దాని వెనక పడిపోతుంది. నిజానికి వంటకు దారి చూపేది ఆ రెండోదే. కారణం తెలియని చోట అలవాటు పనిచేస్తుంది. ఒంట్లో బాగోలేనివాళ్లకు తెలుగిళ్లలో ఠక్కున పెట్టేవి పెరుగన్నం, పాలు-బ్రెడ్డు, పల్చటి పప్పుకట్టు. ఈ డైట్ లెక్కలో మూడూ తప్పే.

అనుమానం ఉన్న పదార్థాలన్నిటినీ కొన్నాళ్లు ఆపి, బాధ తగ్గిందో లేదో చూసి, తర్వాత ఒక్కొక్కటిగా కలుపుతూ దేనివల్ల ఇబ్బందో తేల్చుకోవడాన్ని ఎలిమినేషన్ డైట్ అంటారు. 1920లలో కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ రో అనే డాక్టరు ఆహార అలర్జీల కోసం ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న లో-ఫాడ్‌మ్యాప్ డైట్ ఆ కుటుంబంలో కొత్తగా వచ్చింది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఫాడ్‌మ్యాప్ అనే మాటను వాడుకలోకి తెచ్చారు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్ ఉన్నవాళ్లు పరిమిత కాలం దీన్ని ప్రయత్నించవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. మన దగ్గర ‘గ్యాస్ ట్రబుల్’ అనే ఒక్క మాట కింద సర్దేసే బాధల్లో కొన్ని ఐబీఎస్‌వే.

‘కఠినంగా’ అంటే ఎంత కఠినంగా?

ఈ మాటకు వంటింట్లో అర్థం జబ్బును బట్టి మారుతుంది. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లవాడి విషయంలో ఇబ్బంది పెట్టేది ప్రోటీన్, స్పందించేది రోగనిరోధక వ్యవస్థ. పల్లీలు వేయించిన మూకుడు సరిగా తోమకపోయినా ప్రమాదం రావచ్చు. అక్కడ గరిటె వేరు, నూనె వేరు, మిక్సీ జార్ వేరు ఉండాల్సిందే. సీలియాక్ జబ్బులో గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పైకి బాధ తెలియకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది కాబట్టి జీవితాంతం మానాలి. ఒక పదార్థాన్ని గ్లూటెన్ రహితం అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది ప్రమాణం.

ఐబీఎస్‌లో లెక్క వేరు. ఇక్కడ అంతా మోతాదు మీద నడుస్తుంది. చపాతీ కాల్చిన పెనం మీదే దోసె పోసినా ఏమీ కాదు. పొరపాటున ఒక ఉల్లిపాయ ముక్క నోట్లో పడితే మూడు వారాల శ్రమ గంగలో కలిసిపోదు. ప్రత్యేకంగా పాత్రలు కొనడం, వంటిల్లంతా కడిగించడం అనవసరమైన టెన్షన్.

ఈ తేడాను ఇంగువ డబ్బా చక్కగా చూపిస్తుంది. బజారులో దొరికే ఇంగువ చాలావరకు స్వచ్ఛమైన ఇంగువ కాదు. ఘాటు తగ్గించడానికి మైదా గానీ బియ్యప్పిండి గానీ, బంకతో కలిపి అమ్ముతారు. సీలియాక్ రోగికి ఆ మైదా చిటికెడైనా లెక్కే, డబ్బా వెనక చదివి కొనుక్కోవాలి. ఐబీఎస్ రోగికి నలుగురు తినే చారులో చిటికెడు ఇంగువ ద్వారా వచ్చే మైదా లెక్కలోకే రాదు. పైగా వెల్లుల్లి లేని లోటును కాస్త పూడ్చే దినుసు అదే.

ఇక్కడే ఒక జాగ్రత్త. సీలియాక్ పరీక్షలు గోధుమలు తింటుండగానే చేయించుకోవాలి. ముందే మానేస్తే రక్తపరీక్ష, బయాప్సీ రెండూ తప్పుగా ‘లేదు’ అని చూపించవచ్చు. దేశంలో మూడు ప్రాంతాల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో సీలియాక్ ఉత్తరాన 1.23 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించింది. తక్కువే గానీ లేకపోలేదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన బాధ ఉన్నవాళ్లు ముందు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. డైట్ సంగతి తర్వాత.

పేగులో జరిగేది

ఫాడ్‌మ్యాప్‌లు అంటే చిన్నపేగులో సరిగా ఇంకని కొన్ని రకాల చక్కెరలు, చిన్న పిండిగొలుసులు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు ఉంటాయి. పప్పుల్లో గెలాక్టో-ఆలిగోశాకరైడ్లు ఉంటాయి. ఈ రెంటినీ తెంచే ఎంజైములు మనుషుల్లో ఎవరికీ లేవు. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము పసితనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది, దక్షిణ భారతంలో ఇది సర్వసాధారణం. మామిడి, తేనెలలో గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజ్ ఎక్కువ. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో, షుగర్-ఫ్రీ చూయింగ్ గమ్‌లలో పాలియాల్స్ అనే తీపి పదార్థాలుంటాయి.

అరగనివి ముందుకు జారుతూ పేగులోకి నీళ్లు లాగుతాయి. పెద్దపేగుకు చేరాక అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఇది అందరిలోనూ జరిగేదే. పప్పు తింటే గ్యాస్ రావడం జబ్బు కాదు. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు నరాలు గ్యాస్‌తో పేగు సాగడాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి, మిగతావాళ్లకు వచ్చేంత గ్యాసే వాళ్లకు నొప్పిగా తెలుస్తుంది. మోనాష్ బృందం 2014లో ప్రచురించిన పరీక్షలో 30 మంది ఐబీఎస్ రోగులకు, 8 మంది ఆరోగ్యవంతులకు 21 రోజులు లో-ఫాడ్‌మ్యాప్ భోజనం, మరో 21 రోజులు మామూలు భోజనం పెట్టి చూశారు. రోగుల్లో బాధల స్కోరు దాదాపు సగానికి తగ్గింది. ఆరోగ్యవంతుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

దీనికి ఖర్చూ ఉంది. ఫాడ్‌మ్యాప్‌లు పేగులో ఉండే బైఫిడోబాక్టీరియా అనే మేలుచేసే బాక్టీరియాకు మేత. అవి ఆపేస్తే ఆ బాక్టీరియా తగ్గుతుందని అధ్యయనాలు చూపించాయి. పీచు, కాల్షియం కూడా తగ్గే అవకాశం ఉంది. గడువు పెట్టింది ఇందుకే. గర్భిణులు, పిల్లలు, ఇప్పటికే బక్కచిక్కినవాళ్లు, తిండి విషయంలో అతిగా భయపడే స్వభావం ఉన్నవాళ్లు డైటీషియన్ తోడు లేకుండా ఇందులోకి దిగకూడదు.

గోధుమ మానితే తేలికపడ్డవాళ్లు ‘నాకు గ్లూటెన్ పడదు’ అని తేల్చేసుకోవడం మామూలే. 2013లో మోనాష్‌లోనే 37 మంది మీద చేసిన పరీక్షలో, ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించాక వాళ్లకు తెలియకుండా గ్లూటెన్ ఇచ్చి చూస్తే ప్రత్యేకంగా దానివల్ల పెరిగిన బాధ కనిపించలేదు. 2018లో నార్వేలో 59 మంది మీద చేసిన పరీక్షలో గ్లూటెన్ కన్నా ఫ్రక్టానే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఈ తేడా వంటింటి దాకా వస్తుంది. గ్లూటెన్ ఫ్రీ అని ఖరీదు పెట్టి కొన్న బిస్కెట్లలో శనగపిండి ఉంటే ఐబీఎస్ రోగికి ఒరిగేది ఏమీ లేదు. ఊరి సంతలో దొరికే జొన్నపిండితో రొట్టె చేసుకుంటే ఆ ఖర్చే లేదు.

నీళ్లలోకి దిగేది, నూనెలోకి దిగనిది

వంట చేసేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చే సంగతి ఇది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. చేపల పులుసులోనో పప్పుచారులోనో ఉల్లిపాయలు ఉడికించి, ముక్కలు ఏరి పక్కన పెట్టి ‘ఇప్పుడు తినొచ్చు’ అని వడ్డిస్తే లాభం లేదు. ముక్కలో ఉన్నది చాలావరకు అప్పటికే పులుసులోకి దిగిపోయింది. అదే వెల్లుల్లి రెబ్బల్ని ఉత్త నూనెలో సన్నని మంట మీద వేయించి, రెబ్బల్ని పూర్తిగా తీసేసి, ఆ నూనెతో తాలింపు వేస్తే వాసన కూరకు వస్తుంది, ఫ్రక్టాన్ రాదు. రెబ్బలు ఉండగానే చారులో గుమ్మరిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. వరుస తప్పకపోవడమే ఇందులో కిటుకు. ఆ నూనెను చేసిన రోజే వాడేయాలి. వెల్లుల్లి ఊరేసిన నూనెను బయట నిల్వ ఉంచితే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంటుంది.

వెల్లుల్లి మీద ఇంత పట్టుదల ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. పచ్చి వెల్లుల్లిలో వంద గ్రాములకు సుమారు 17 గ్రాములు ఫ్రక్టాన్లే. మూడు గ్రాముల రెబ్బలో అర గ్రాము ఉంటుంది. కూరగాయల విషయంలో ఒక పూటకు ఈ రకం గొలుసులకు మోనాష్ గీసిన గీత 0.2 గ్రాములు. అంటే నలుగురి చారులో ఆరు రెబ్బలు చితక్కొట్టి వేస్తే ఒక్కొక్కరికీ వచ్చే వాటా ఆ గీతకు మూడు రెట్లు దాటుతుంది. మరోవైపు, అదే తాలింపులో వేసే అర చెంచా మినపప్పు, శనగపప్పు నలుగురికీ పంచితే తలా కొన్ని గింజలే వస్తాయి. పప్పుల పేరు జాబితాలో ఉంది కదా అని తాలింపు దినుసుల్ని కూడా తీసేసి వండే ఇళ్లున్నాయి. ఆ రుచి పోగొట్టుకోవాల్సిన పని లేదు.

ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, మెంతులు, కరివేపాకు, పసుపు, ధనియాలు, మిరియాలు, అల్లం మామూలు వంట మోతాదులో ఇబ్బంది పెట్టవు. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు, తెల్లటి గడ్డ పనికిరాదు. ఉల్లిపాయ కూరకు ఇచ్చేది వాసన ఒక్కటే కాదు, గుజ్జు, తీపి కూడా ఇస్తుంది. ఆ చిక్కదనం కోసం టమాటా, పచ్చికొబ్బరి, వేయించిన పల్లీల లేదా నువ్వుల ముద్ద సరిపోతాయి. రెస్టారెంటు పద్ధతిలో జీడిపప్పు ముద్ద వేస్తే మాత్రం మానిన గొలుసులే ఇంకో దారిలో వచ్చి చేరతాయి.

చాలామంది పట్టించుకోని పొరపాటు ఇంకొకటి ఉంది. ఉల్లి తీపి లేక కూర చప్పగా అనిపించి కారం, నూనె పెంచేస్తారు. మిరపకారంలోని కాప్సైసిన్, ఎక్కువ కొవ్వు రెండూ వాటంతట అవే ఐబీఎస్ కడుపును రేపగలవు. అప్పుడు బాధ తగ్గకపోతే డైట్ పనిచేయలేదనుకుంటారు. మానింది ఒకటి, పెంచింది ఇంకొకటి అయినప్పుడు పరీక్షకు అర్థం ఉండదు.

పప్పు లేని భోజనం

బియ్యంలో ఫాడ్‌మ్యాప్‌లు లేనట్టే. అందుకే రొట్టెలు, పాస్తాల మీద బతికే దేశాలతో పోలిస్తే అన్నం తినేవాళ్లకు సగం భారం ముందే తీరిపోయింది. మిగతా సగం పప్పుతో వస్తుంది. శాకాహారి ఇంట్లో ప్రోటీన్‌కు అదే ఆధారం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండు వేల క్యాలరీల రోజువారీ భోజనంలో పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు ఉండాలి. పప్పు తగ్గితే ఆ ఖాళీని ఇంకేదో పూడ్చాలి.

గుడ్డు, చేప, కోడిమాంసంలో ఫాడ్‌మ్యాప్‌లు లేవు. వాటితో వచ్చే చిక్కంతా మసాలాలోని ఉల్లి, అల్లంవెల్లుల్లి ముద్దతోనే. మాంసం ముట్టని ఇళ్లలో పల్లీలు, గట్టి టోఫూ, కాస్త పనీర్ ఆదుకుంటాయి. పనీర్ చేసేటప్పుడు పిండేసిన నీళ్లతో లాక్టోజ్ చాలావరకు పోతుంది. నెయ్యిలో అది దాదాపు ఉండదు కాబట్టి అన్నంలో నెయ్యి వేసుకోవచ్చు. పెరుగు తోడుకునేటప్పుడు లాక్టోజ్‌లో కొంత భాగమే తగ్గుతుంది. కప్పు నిండా పెరుగుకూ కొద్దిగా పెరుగు కలిపిన పల్చటి మజ్జిగకూ తేడా అందువల్లే వస్తుంది.

పప్పులోని గొలుసులు కూడా నీళ్లలో దిగేవే. నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వంచేస్తే గణనీయంగా తగ్గుతాయి. విదేశాల్లో డబ్బాల్లో నీళ్లలో ఊరిన శనగల్ని వంపి కడిగి తినమని చెప్పేది ఈ సూత్రం మీదే. మన ప్రెషర్ కుక్కర్ పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. కొలత నీళ్లు పోస్తాం, పప్పు వాటన్నిటినీ పీల్చుకుంటుంది, ఏదీ బయటికి పోదు. ఒకవేళ వంచినా, ఆ కట్టును పారబోసే అలవాటు మనకు లేదు. బక్షాలకు శనగపప్పు ఉడికించి వంచిన నీళ్లతో తెలంగాణలో కట్టుచారు కాస్తారు. తేలిగ్గా అరుగుతుందని రోగికి ఆ కట్టే పోస్తే, వదిలించుకోవాల్సినదంతా గ్లాసులో పోసి ఇచ్చినట్టే.

ఇడ్లీ సంగతి కాస్త నయం. మినప్పప్పు నానుతుంది, నానిన నీళ్లు పోతాయి, రుబ్బాక రాత్రంతా పులుస్తుంది, ఆ పులుపుతో గొలుసులు కొన్ని తెగుతాయి. పైగా పిండిలో పప్పు కన్నా బియ్యపురవ్వే ఎక్కువ. పొద్దున రెండు ఇడ్లీలు చాలామందికి పడతాయి. ఆరు తింటే మాట వేరు. చట్నీలో పుట్నాలపప్పు బదులు కొబ్బరి, పల్లీలు వేసుకోవాలి.

ప్యాకెట్ల మీద కనపడనివి

ఇంట్లో చేసిన కూర కన్నా కొన్న పొడి దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. సాంబారు పొడిలో కందిపప్పు, శనగపప్పు ఉంటాయి. ఇడ్లీకారంలో వెల్లుల్లి, పప్పులు రెండూ ఉంటాయి. చిప్స్ మీద చల్లిన మసాలాలో ఎండు ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి ఉంటాయి. నీరు పోయి ఎండిన రూపం కాబట్టి ఆ పొడులు అదే బరువు పచ్చి గడ్డ కన్నా ఎంతో ఘాటు మోతాదు.

దేశంలో ఆహార ప్రమాణాలు చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం అలర్జీ కారకాలుగా విడిగా ప్రకటించాల్సినవి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు-పీతల జాతి, గుడ్లు, చేపలు, వేరుశనగలు-గింజలు, సోయా, పాలు, నిర్ణీత మోతాదు దాటిన సల్ఫైట్లు. ఉల్లి, వెల్లుల్లి ఈ పట్టికలో లేవు. మసాలా దినుసుల్ని ఒక్కొక్కటిగా రాయకుండా ‘స్పైసెస్ అండ్ కాండిమెంట్స్’ అని ఒక్క మాటలో రాయడానికి కూడా వీలుంది. అలర్జీ ఉన్నవాళ్లకు లేబుల్ రక్షణ ఇచ్చినట్టు ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇవ్వదు. ఆ ఆరు వారాలూ ధనియాలు, మిరియాలు, జీలకర్ర ఇంట్లోనే కొట్టుకుని పెట్టుకోవడం ఎక్కువ నమ్మకం. ఆస్ట్రేలియాలో ఉండే తెలుగువాళ్లకు లో-ఫాడ్‌మ్యాప్ ముద్ర ఉన్న సరుకులు దొరుకుతాయి గానీ, అక్కడి భారతీయ దుకాణంలో కొన్న ఆవకాయ సీసాకు ఆ ముద్ర ఉండదు.

కార్తీకమాసం వంట సరిపోతుందా?

ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండటం తెలుగువాళ్లకు కొత్త కాదు. కార్తీకమాసంలో నెలంతా మానేసే ఇళ్లున్నాయి, ఏడాది పొడుగునా ముట్టని కుటుంబాలూ ఉన్నాయి. ఆ వంటలో ఇంగువ, అల్లం, మిరియం, కొబ్బరి, నువ్వులు, ఆవపెట్టుతో రుచి ఎలా కట్టాలో తరాలుగా తేలిపోయింది. ఈ డైట్‌కు మన దగ్గర దొరికే పెద్ద పాఠ్యపుస్తకం ఆ వంటిల్లే. అరటికాయ ఆవపెట్టిన కూర, బంగాళాదుంప అల్లం పచ్చిమిర్చి కూర, వంకాయ కొత్తిమీర కారం లాంటివి పెద్దగా మార్చకుండానే పనికొస్తాయి.

అయితే దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మాత్రం బోల్తా పడతారు. ఉల్లి పోయిన చోటల్లా ఆ వంట పప్పును, పెరుగును, పాలను పెంచుతుంది. ముద్దపప్పు, పెరుగుపచ్చడి, శనగపప్పు కూటు, పాయసం, బొబ్బట్లు కలిసిన భోజనంలో ఉల్లి చుక్కైనా లేకపోయినా ఫాడ్‌మ్యాప్‌లకు లోటుండదు. ఆచారం అడిగేది ఏ పదార్థం అని, డైట్ అడిగేది ఏ చక్కెర, ఎంత అని.

ఒకే పొయ్యి, రెండు గిన్నెలు

ఎక్కువ ఇళ్లలో ఈ డైట్ రెండో వారంలో ఆగిపోవడానికి కారణం రోగి నాలుక కాదు, వండే మనిషి నడుము. పొద్దున్నే రెండు రకాల వంట చేయడం నాలుగు రోజుల ముచ్చటే. చాలావరకు ఆ భారం ఇంట్లో ఒకే మనిషి మీద పడుతుంది.

తెలుగు వంట క్రమంలోనే దీనికో వెసులుబాటు ఉంది. కూర ఉడకడం ఒక దశ, తాలింపు మరో దశ. బీన్సో, క్యారెటో, వంకాయో, పాలకూరో ఉల్లి లేకుండా ఉప్పు, పసుపు, అల్లంతో ఉడికించి, రోగి వాటా పక్కకు తీశాక, మిగతా గిన్నెలోకి వేయించిన ఉల్లి, వెల్లుల్లి తాలింపు దించితే వంట ఒకటే, రుచులు రెండు. చారు కూడా అంతే. చింతపండు, మిరియాలు, జీలకర్రతో అందరికీ ఒకే చారు కాచి, వెల్లుల్లి తాలింపు చివర్లో విడగొట్టొచ్చు. బిర్యానీ, ఇగురు లాంటివి ఇలా విడవవు, వాటిలో ఉల్లి మొదటి అడుగులోనే పడుతుంది. ఈ ఆరు వారాల్లో వాటిని ఆదివారానికి నెట్టి, రోగికి వేరే వేపుడు చేయడం తక్కువ శ్రమ.

మంచివే అయినా ఒకే పూట గుట్టగా పేరిస్తే గీత దాటుతుందన్నది గుర్తుంచుకోవాలి. బెండకాయ, వంకాయ, క్యాబేజీ ఒక్కొక్కటి తక్కువ మోతాదులో ఫర్వాలేదు. మూడూ కలిపి కప్పులకొద్దీ తింటే లెక్కలు కూడుకుంటాయి. పండ్లలో బొప్పాయి, కమలా, అనాస పడతాయి, సీతాఫలం, పుచ్చకాయ పడవు. అరటిపండు బాగా మాగేకొద్దీ ఫ్రక్టాన్ పెరుగుతుంది, కాస్త గట్టిగా ఉన్న పండే మేలు. కాఫీలో పడే పాలు కూడా చిన్న లెక్కేమీ కాదు. నూరు మిల్లీలీటర్ల పాలలో దాదాపు ఐదు గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. రోజుకు నాలుగు కప్పులు తాగేవాళ్లు లాక్టోజ్ తీసేసిన పాలకు మారడం సులువు.

మొత్తం జాబితా ఒకేసారి మానడం భారమైతే, ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు లాంటి పెద్ద తలకాయల్ని మాత్రం తగ్గించి చూసే తేలిక పద్ధతి కూడా ఉంది. జాబితా పొడుగైనకొద్దీ ఫలితం మెరుగవుతుందన్న నమ్మకం ప్రతిచోటా నిలవదు. అన్నవాహిక వాపు జబ్బు ఒకదానిలో ఆరు రకాల ఆహారాలు మానినవాళ్లకూ, ఒక్క పాలు మాత్రమే మానినవాళ్లకూ ఫలితాల్లో పెద్ద తేడా లేదని అమెరికాలో చేసి 2023లో ప్రచురించిన పరీక్ష తేల్చింది. మరోవైపు, చుక్క రక్తంతో వందల ఆహారాలకు ‘పడదు’ అని రిపోర్టు ఇచ్చే ఐజీజీ పరీక్షలను ఆధారంగా తీసుకోవద్దని యూరప్, అమెరికా, కెనడా అలర్జీ నిపుణుల సంఘాలు 2008 నుంచి చెబుతూనే ఉన్నాయి. అలాంటి రిపోర్టు పట్టుకుని మొదలుపెడితే వంటింట్లో అన్నం కూడా మిగలకపోవచ్చు.

ముద్దపప్పుతో పరీక్ష

బాధ తగ్గకపోతే ఆరు వారాల తర్వాత డైట్ ఆపేయాలి, కారణం వేరే చోట వెతకాలి. తగ్గినవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు, అక్కడే ఆగిపోవడం. హాయిగా ఉంది కదా అని ఏళ్ల తరబడి ఉల్లి, పప్పు, పాలు అన్నీ మానేస్తారు. వాటిలో ఇబ్బంది పెట్టింది ఒకటో రెండో అయి ఉంటుంది.

తిరిగి కలిపేటప్పుడు మిగతా భోజనం అలాగే ఉంచి, ఒక్కో రకం చక్కెరను విడిగా, మూడు రోజులపాటు మోతాదు పెంచుతూ చూడాలి. ఆ తర్వాత రెండు మూడు రోజులు విరామం ఇచ్చి ఇంకోటి. ఇక్కడ ఏ వంటకంతో పరీక్షిస్తున్నామన్నది ముఖ్యం. పప్పుచారుతో మొదలుపెడితే కడుపు ఉబ్బినా అది పప్పు వల్లో ఉల్లి వల్లో తెలియదు. ముద్దపప్పులో ఉప్పు, నెయ్యి తప్ప ఇంకేమీ ఉండవు. పప్పు గొలుసుల పరీక్షకు అంతకన్నా శుభ్రమైన వంటకం దొరకదు. మొదటి రోజు రెండు చెంచాలు, రెండో రోజు పావు కప్పు, మూడో రోజు అర కప్పు. పాల కోసం ఉత్త పాలే గ్లాసులో కొలిచి తాగాలి, పాయసం కాదు. గోధుమకు చపాతీ, వెల్లుల్లికి తాలింపులో తీయకుండా వదిలిన అర రెబ్బ. రెంటిలోనూ ఫ్రక్టానే ఉన్నా వేర్వేరుగా చూడాలి, ఒకటి పడి ఇంకొకటి పడనివాళ్లు ఉంటారు. మామిడిపండు పరీక్షకు ఎండాకాలం దాకా ఆగక తప్పదు, లేదా తేనెతో కానివ్వొచ్చు.

పెళ్లిళ్ల ముహూర్తాలు లేని వారాలు చూసుకుని దీన్ని మొదలుపెట్టడం తెలివైన పని. పడని మోతాదు ఎంతో ఒకసారి తెలిశాక, అంతకన్నా కింద ఉన్నదంతా మళ్లీ కంచంలోకి తెచ్చుకోవచ్చు. కొన్ని నెలలకు ఆ గీత కూడా జరగొచ్చు కాబట్టి, పడలేదన్న ముద్దపప్పును ఇంకోసారి రెండు చెంచాల నుంచి మొదలుపెట్టి చూడమనే డైటీషియన్లు చెబుతారు.